జామ్ బిగుసుకుపోయిన రోజు

ఆ ఆదివారం పొద్దున డ్రైవరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో రాలిన జామపళ్లను సంచుల్లో నింపి, నాలుగిళ్లలో పంచిపెట్టి, కాఫీ చల్లారేలోపు వచ్చి పేపరు చదువుకోవాలి. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయన నడుపుతున్నదల్లా ఆ జామచెట్టునే. అది ఈ ఏడు ఒళ్లు తెలియకుండా కాసింది. బక్కెట్లు నిండాయి, బుట్టలు నిండాయి, చివరికి బట్టలుతికే మెషిను మీద కూడా పళ్లే.

ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసే ఆయన భార్య డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"నేనొచ్చేసరికి ఇంట్లో ఒక్క జామపండు కనపడకూడదు. నిన్న నా దిండు కింద కూడా ఒకటి దొరికింది. ఇది ఇల్లా, పళ్ల గోడౌనా?"

"పారబొయ్యమంటావా? చంటిపిల్లలా పెంచానే దాన్ని!"

"మీ చంటిపిల్ల రోజూ గోడవతల మేనేజరుగారి కారు మీద దూకుతోంది. సాయంత్రం చెట్లు కొట్టేవాణ్ని తీసుకొస్తానన్నారాయన. నేను సరేనన్నాను."

డ్రైవరుగారు, పళ్లు ఖాళీ చేస్తే ఆవిడ మనసు మారకపోతుందా అని సంచులు భుజాన వేసుకుని వీధిలో పడ్డాడు. మొదటి ఇంట్లో అప్పటిదాకా మోగుతున్న టీవీ ఆయన గేటు తీయగానే టక్కున ఆగిపోయింది. రెండో ఇంట్లో ఇంటిల్లిపాదికీ ఒకేసారి పంటినొప్పి వచ్చింది. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పక్కింటాయన కారు తుడుచుకుంటూ ఎదురయ్యాడు.

"మేనేజరుగారూ, చెట్టు కొట్టించే ముందు ఒక్క పండు రుచి చూడండి."

"చూశానండీ. మొన్న అద్దం మీద, ఇవాళ నా నెత్తి మీద. బొప్పి కట్టింది. మీకు మనుషులకన్నా ఆ మొద్దే ఎక్కువైతే దాన్తోనే కాపరం చేసుకోండి. సాయంత్రం గొడ్డలి రావడం ఖాయం."

ఆఖరికి ఎదురింటి టైలరమ్మ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మిషను ఆపకుండానే తల అడ్డంగా ఊపింది.

"మీరు మొన్నిచ్చిన సంచి ఇంకా విప్పనేలేదు అన్నయ్యగారూ. జామ్ చేసెయ్యండి. పంచదార పోసి గట్టిపడేదాకా మరిగించడమే. ఎన్నాళ్లైనా ఉంటుంది."

వదిలించుకోవడానికి ఆవిడ అన్న మాట డ్రైవరుగారికి వేదవాక్కులా వినిపించింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయనకు ట్రాఫిక్ జామ్ తప్ప మరో జామ్ తెలియదు. అయినా ఇంటికొచ్చి చొక్కా విప్పి, పళ్లు కోసి, ఉడికించి, గింజలు పోయేలా జల్లెడలో రుద్ది, ఆ గుజ్జును ఇంట్లోకెల్లా పెద్ద గిన్నెలోకి ఎత్తాడు. పంచదార డబ్బా వంచితే, కొంచెం పడాల్సింది కాస్తా మొత్తం పడింది. తీపి విరుగుతుందని నిమ్మకాయలు పిండాడు. మరీ పుల్లగా ఉందని కొత్త పంచదార ప్యాకెట్టు చింపాడు. పొయ్యి ముందు నిలబడి, గేరు రాడ్డు పట్టుకున్నట్టు గరిటె పట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పినట్టు తిప్పాడు.

జామ్ మాత్రం రసంలా జారుతూనే ఉంది. గట్టిపడేదాకా అంది కదా అని ఆయన మరిగించాడు. మధ్యాహ్నం భోజనం మానేసి మరిగించాడు. చివరికి రంగు ఇటుకలా మారి, ఇల్లంతా ఘుమఘుమలాడాక, పొయ్యి ఆపి సీసాల కోసం అటకెక్కాడు. సీసాలు దొరికాయి గానీ, వాటితోపాటు పాత ఫొటోల పెట్టె కూడా దొరికింది. ఆయన అటక దిగేసరికి గరిటె గిన్నె మధ్యలో జెండా కర్రలా నిలబడి ఉంది. లాగాడు. కదల్లేదు. గిన్నె నేల మీద పెట్టి, కాళ్ల మధ్య ఇరికించుకుని, ఒళ్లంతా బిగబట్టి లాగాడు. గరిటెకూ జామ్‌కూ విడదీయరాని బంధం కుదిరిపోయింది.

భార్య రావడానికి ఎంతోసేపు లేదు. డ్రైవరుగారు జిగురు చేతులతో టైలరమ్మకు ఫోను కలిపాడు.

"చెల్లెమ్మా, కొంప మునిగింది! అంతా బిగుసుకుపోయింది! నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు..."

అవతల మిషను గడగడలాడుతోంది. ఆ చప్పుడులో జామ్ మాట లేదు, గరిటె మాట లేదు. బిగుసుకుపోయింది, కాళ్లూ చేతులూ ఆడటం లేదు, అంతవరకే టైలరమ్మ చెవిన పడింది. ఆవిడ "అన్నయ్యగారూ!" అని కేక పెట్టేలోపు ఫోను ఆయన వేళ్లలోంచి జారి, పళ్లు కడిగిన బక్కెట్టులో బుడుంగుమంది.

ఇక టైలరమ్మ ఆగలేదు. నేరుగా ఆసుపత్రికి ఫోను చేసింది.

"వదినా, అన్నయ్యగారికి కాళ్లూ చేతులూ పడిపోయాయి! మాట్లాడుతూ మాట్లాడుతూనే మాట పడిపోయింది!"

ఆ తరవాత మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో వీధిలోకి పరుగెత్తింది. పొద్దున పంటినొప్పి వచ్చినవాళ్లూ, టీవీ ఆపినవాళ్లూ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చారు. మేనేజరుగారి ముఖం పాలిపోయింది.

"నా మాటల వల్లేనమ్మా! పొద్దున్నే ఆ మనిషిని నానా మాటలూ అన్నాను. ఆయన బాగుంటే చాలు, ఆ చెట్టు మీద ఇక ఈగ వాలనివ్వను. మీరందరూ సాక్ష్యం!"

జనం తోసుకుంటూ లోపలికొచ్చేసరికి డ్రైవరుగారు వంటింటి గోడకు వీపు ఆనించి, పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, ముఖం ఎర్రగా కందిపోయి, రాయిలా కూర్చుని ఉన్నాడు. గరిటె లాగుతున్నాడని ఎవరికీ తట్టలేదు. టైలరమ్మ ఘొల్లుమంది. ఆయన కళ్లు తెరిచాడు. వీధి వీధంతా వంటింట్లో కనిపించేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది.

"వాసన అంత దూరం వచ్చిందా? రండి, రండి!"

"మాట వచ్చింది!" అన్నారెవరో.

"పలవరిస్తున్నాడు, పాపం," అన్నాడు మేనేజరుగారు కళ్లొత్తుకుంటూ.

అంతలో అంబులెన్సు వచ్చింది. హెడ్ నర్సు స్ట్రెచరుకన్నా ముందు లోపలికి దూకి మొగుడి నాడి పట్టుకుంది. ప్రశ్నలు వార్డులో అడిగినట్టే అడిగింది.

"నన్ను గుర్తుపట్టారా?"

"నిన్ను గుర్తుపట్టకపోతే బతకనిస్తావుటే?"

"కుడిచెయ్యి ఎత్తండి."

డ్రైవరుగారు కుడిచెయ్యి ఎత్తాడు. చేతితోపాటు గరిటె లేచింది. గరిటెతోపాటు గిన్నె లేచింది. గిన్నె అడుగున అంబులెన్సు డ్రైవరు అరచేత్తో ఒక్కటిచ్చాడు. గిన్నె ఊడి కిందపడింది. గరిటె చివర ఎర్రగా, నున్నగా, అద్దంలా మెరిసే పెద్ద గడ్డ మిగిలింది.

"బిగుసుకుపోయింది ఇది," అన్నాడు డ్రైవరుగారు.

హెడ్ నర్సు ఆ గడ్డను చూసింది, మొగుణ్ని చూసింది, గుమ్మంలోని స్ట్రెచరును చూసింది. ఆవిడ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో వీధిలో అందరికీ తెలుసు. కానీ అప్పటికే టైలరమ్మ తన కత్తెరతో గడ్డ అంచు కత్తిరించి, తప్పు చేసినదానిలా మొదటి ముక్క వదిన నోట్లోనే పెట్టేసింది.

హెడ్ నర్సు నమిలింది. కనుబొమలు మెల్లగా దిగాయి. ఇంకా నమిలింది.

"ఇంకో ముక్క ఇవ్వు," అంది.

అంతే. టైలరమ్మ కత్తెర ఆడుతూనే ఉంది, జనం చేతులు చాస్తూనే ఉన్నారు. ముందు పులుపు జివ్వుమంటోంది, వెనకాలే తీపి దిగుతోంది, మధ్యలో పండు వాసన ముక్కుకెక్కుతోంది. పంటినొప్పి కుటుంబం రెండోసారి వరుసలో నిలబడింది. అంబులెన్సు డ్రైవరు వార్డులో వాళ్లకోసమంటూ జేబులు నింపుకున్నాడు. సరిగ్గా అప్పుడే చెట్లు కొట్టేవాడు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, "చెట్టు ఎక్కడండీ?" అన్నాడు.

అందరూ మేనేజరుగారి వైపు తిరిగారు. ఆయనకు దవడలు అతుక్కుపోయి మాట పెగల్లేదు. చేతులు రెండూ చాచి పెరటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. నోట్లో ముక్క కరిగాక, ఆయన మొదట అన్న మాట ఇది:

"గోడ దాటి మావైపు వచ్చిన కొమ్మల పళ్లు న్యాయంగా మావేనండీ. మాకు విడిగా వండిపెట్టాలి."

డ్రైవరుగారు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "ఎలా చేశారండీ?" అని ఎంతమంది అడిగినా "అది చెప్పేది కాదు" అన్నాడు. నిజానికి ఏం ఎంత పడిందో ఆయనకే తెలియదు. అది ఆయన భార్యకు తెలుసు. తెలిసి కూడా, "ఆయన చెయ్యి అలాంటిది లెండి," అని అందరిముందూ అంది. పెళ్లయిన నాటినుంచీ ఆయన ఎదురుచూసిన మాట అది.

తరవాతి ఆదివారం ఆయన వీధంతా చూస్తుండగా కొలతలు వేసి, పొయ్యి దగ్గరినుంచి కదలకుండా మళ్లీ చేశాడు. ఈసారి జామ్ అచ్చం జామ్‌లాగే కుదిరింది.

వీధి వీధంతా ఆయన్ను ఓదార్చింది.