చీకటి తనిఖీ

మూతి మీది పొక్కును కూడా సమన్యాయం ప్రకారం నయం చేయవచ్చునని లోకానికి మొట్టమొదట తెలియజెప్పిన ఘనత సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకే దక్కుతుంది. ఇతర దేశాల్లో ఈ వైద్యాన్ని ఒకే గదిలో, ఒకే కుర్చీలో ముగించేస్తారట. (అక్కడి వాళ్లకు ప్రాంతీయ మనోభావాలు ఉండవు కాబోలు.)

వైద్యం మాత్రం సులువైనదే. హెర్పిస్ అనే వైరస్ మనిషి నరాల్లో చడీచప్పుడు లేకుండా పడుకుని ఉంటుంది. ఎండదెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, మనసు పాడైనా లేచి వచ్చి పెదవి అంచున నీటి పొక్కులై కూర్చుంటుంది. ఆ పొక్కుల మీద ఒక నీలిమందు పూసి, దానిమీద ఎర్రటి వెలుతురు వేస్తే మందు మేల్కొని వైరస్ పని పడుతుంది. వెలుతురు ముందే తగిలితే మందు తన బలమంతా దారిలోనే ఖర్చు చేసుకుని, అసలు సమయానికి ఉత్త రంగుగా మిగులుతుంది. కాబట్టి మందు పూయడానికీ దీపం వేయడానికీ మధ్య చీకటి ఉండాలి. శాస్త్రం ఇంతే. మిగిలినదంతా పరిపాలన.

ఈ చికిత్సా కేంద్రం మంజూరైనప్పుడు మూడు ఊళ్లూ మాకంటే మాకన్నాయి. రాస్తారోకోలు జరిగాయి. కాంతి చికిత్సల మండలి వారు బాగా ఆలోచించి మందును సూర్యాపేటకు, దీపాన్ని కోదాడకు, ఆ రెండింటి మధ్య ఉండవలసిన చీకటిని మిర్యాలగూడకు కేటాయించారు. తమకు చీకటి ఒక్కటే మిగిల్చారని మిర్యాలగూడ వాళ్లు మొదట అలిగారు. చీకటికి ఒక అధికారి, ఒక జీపు, ఏసీ గది కూడా వస్తాయని తెలిశాక శాంతించారు.

సూర్యాపేటలో జైరాం బ్రాస్ బ్యాండులో ట్రంపెట్ ఊదే అబ్రహాంకు ఈ ఏర్పాటులోని గొప్పతనం వెంటనే తలకెక్కలేదు. అతనికి పొక్కులు పైపెదవి నడిమధ్యన, సరిగ్గా బూర ఆనే చోట లేచాయి. పెండ్లిళ్ల కాలంలో ఎండలో బరాత్ ఊరేగింపుల ముందు నడిచీ నడిచీ అతనికి ఏటా ఇదే గోస. ఇన్నేళ్లూ బ్యాండు ఓపిక పట్టింది. ఈ ఏడు జైరాం మనిషంత ఎత్తు స్పీకరు కొన్నాడు.

"అన్నా, ఐతారం నాడు తిరుమలగిరిల పెండ్లి ఉన్నది," అన్నాడు జైరాం, ఎక్కడా కోపం లేకుండా. "గంతల నీ మూతి సక్కగైతే నువ్వు ఊదుతవ్. లేకుంటే పెన్‌డ్రైవ్ ఊదుతది. దానికి పొక్కులు రావు."

అబ్రహాం బూరను ఒళ్లోకి తీసుకుని గుడ్డతో తుడిచాడు. చిన్నప్పుడు చర్చిలో పాటల వెనక ఊదుతూ నేర్చుకున్న విద్య అది. ఇంకో పని చేతికి రాదు, వచ్చినా మనసుకు పట్టదు. బూర లేని అబ్రహాం ఎలా ఉంటాడో ఇంట్లో భార్య నాగమణికీ తెలియదు, అతనికీ తెలియదు.

అందుకని మర్నాడు పొద్దున్నే సూర్యాపేట కేంద్రానికి వెళ్లాడు. అక్కడ తలుపులు మూసి, మసక గదిలో అతని పెదవికి నీలిమందు పూశారు. దానిమీద నల్లగుడ్డ సంచి కట్టి, ముడి మీద లక్కముద్ర వేశారు. కోదాడ చేరేదాకా విప్పకూడదు. మాట్లాడకూడదు, మాట్లాడితే పెదవి కదిలి లోపలి చీకటి చెదురుతుందని నిబంధన. (ఆవలింతలకు విడిగా అనుమతి తీసుకోవాలి.)

బస్సులో కండక్టర్ ఎక్కడికని అడిగాడు. అబ్రహాం చేత్తో ముందుకు చూపించాడు. అటుపక్క విజయవాడ కూడా ఉంది కాబట్టి కండక్టర్ విజయవాడకు టికెట్ కొట్టాడు. పక్క సీటు పెద్దమనిషి సంచి కేసి కాసేపు చూసి, లేచి వెనక్కి వెళ్లిపోయాడు. అబ్రహాం మాత్రం దారి పొడవునా దవడ బిగబట్టి, లోపలి చీకటిని పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా మోసుకొచ్చాడు.

కోదాడలో దీపం చూసుకునే అనురాధ ముద్రనూ ముడినీ పరీక్షించి సంతోషపడింది.

"భలే తెచ్చారండీ. మందు చెక్కుచెదరకుండా ఉంటది. పది నిమిషాల పని, ఆ కుర్చీలో కూర్చోండి," అంది.

అబ్రహాం కూర్చున్నాడు. దీపం మీది గుడ్డ కూడా తీశారు. అప్పుడు మిర్యాలగూడ నుంచి వీడియో కాల్ వచ్చింది. చీకటి పర్యవేక్షణాధికారి గోవర్ధన్ గారు తనిఖీ చేసి ధ్రువీకరిస్తే తప్ప దీపం వెలగదు. ఆయన చాలా నిజాయితీపరుడు. చూడనిదాని మీద జన్మలో సంతకం పెట్టలేదు.

"ఏదమ్మా, చీకటి సూపియ్యి," అన్నారు గోవర్ధన్ గారు.

అనురాధ ఫోనును సంచి దగ్గరికి తీసుకెళ్లింది.

"గది సంచి. నేనడిగింది లోపల చీకటి."

"విప్పితే వెలుతురు పడుద్ది సార్. మందు పాడైపోద్ది."

"విప్పకుంట లోపల చీకటి ఉన్నదని నేనెట్ల రాయాలె? రేపు ఆడిటోళ్లు అడిగితే నువ్వు జవాబు చెప్తవా?"

ఆడిట్ మాట వినగానే అనురాధ ముడి విప్పింది. సంచి అంచు ఎత్తి ఫోను లోపలికి పెట్టింది. గోవర్ధన్ గారు కొంచెంసేపు తేరిపార చూశారు.

"ఏం కనవడ్తలేదమ్మా. అంత నల్లగున్నది. జర లైట్ కొట్టు."

అనురాధ ఫోను లైటు వేసింది. అబ్రహాం కళ్లు మూసుకున్నాడు.

"ఆఁ, ఇప్పుడు మంచిగ కనవడుతున్నది. చీకటి సక్కగనే ఉన్నది. ఎడమ దిక్కు గూడ సూపియ్యి. కుడి దిక్కు. జర దగ్గరికి పెట్టు, ఫొటో తీసుకుంట."

ఆయన తొందరపడే మనిషి కాదు. అన్ని పక్కలా చీకటి సమృద్ధిగా ఉందని తేల్చుకున్నాకే, మందుకు ఏ వెలుతురూ సోకలేదని ధ్రువీకరణ పంపించారు.

అనురాధ సంచి పూర్తిగా తీసి పెదవి చూసింది.

"మందు అయిపోయిందండీ. ఇప్పుడీ దీపం వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే," అంది.

"మల్ల పూయుండ్రి మేడం," అన్నాడు అబ్రహాం. పొద్దుటినుంచి అతను మాట్లాడిన మొదటి మాట అది.

"మందుండేది సూర్యాపేటలో కదండీ. పైగా ఒక పొక్కుకి ఒక్కసారే ఇస్తారు. ఈ పొక్కుకి మీ వంతు అయిపోయింది."

అయినా ఆమె దీపం వేసింది. ధ్రువీకరణ వచ్చాక దీపం వేయకపోతే సంజాయిషీ రాయాల్సి వస్తుంది. ఎర్రటి వెలుతురు చాలా అందంగా పడింది. దాని కింద అబ్రహాం దేవుణ్ణి ప్రార్థించుకుంటూ కూర్చున్నాడు. (దేవుడు మండలి పరిధిలోకి రాడు.) అతను సూర్యాపేటలో బస్సు దిగేసరికి, వ్యాధి నయమైనట్టు ఫోనుకు సమాచారం వచ్చింది.

ఆదివారం తిరుమలగిరిలో అతను బ్యాండు డ్రస్సు వేసుకుని, ఎవరు వద్దన్నా వినకుండా బూర ఎత్తాడు. మొదటి పాట ఎలాగో లాగించాడు. రెండో పాట ఎత్తుగడలోనే పెదవి పగిలి బూర మూతికి నెత్తురు అంటింది. జైరాం అతన్ని భుజం పట్టి పక్కకు తీసుకెళ్లి, పెన్‌డ్రైవ్ పెట్టాడు. స్పీకరు తప్పు లేకుండా ఊదింది. పెండ్లికొడుకు స్నేహితులు ఇంకా బాగా ఆడారు. జనరేటర్ బండి వెనక నడుస్తున్న అబ్రహాంకు ఏడుపొచ్చింది. ఎర్రకోటు మీద మరకలు పడితే జైరాం ఊరుకోడని ఆపుకున్నాడు. సోమవారం నుంచి అతన్ని ఎవరూ పిలవలేదు.

కొన్నాళ్లకు మిర్యాలగూడ నుంచి పిలుపొచ్చింది. పథకంలో ఒక్కరికి కూడా చీకటి తక్కువ కాలేదని తేలడంతో గోవర్ధన్ గారికి సన్మానం పెట్టారు. నయమైనవారి తరఫున అబ్రహాంను బూరతో సహా రమ్మన్నారు. పాటలకు జైరాం బ్యాండునే మాట్లాడారు, అంటే స్పీకరునే.

వేదిక మీద గోవర్ధన్ గారు అబ్రహాం భుజం మీద చేయి వేశారు.

"ఊదు అబ్రహాం. పెద్దసార్లు వింటరు."

"సార్, నాకు పొక్కులు తక్కువ కాలేదు. ఇంక ఊదరాదు. ఊదితే నెత్తురొస్తది," అన్నాడు అబ్రహాం నెమ్మదిగా.

గోవర్ధన్ గారు ఆ మాటకు నొచ్చుకోలేదు.

"ఎవలు ఊదుమన్నరయ్యా నిన్ను? ఉత్తగ మూతి కాడ పెట్టుకో. ఫొటోల సప్పుడు రాదు గద."

అబ్రహాం బూరను పెదవికి తగలనంత దూరంలో పెట్టుకుని బుగ్గలు పూరించాడు. పక్కన స్పీకరు అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి. మెట్ల దగ్గర నిలబడి చూస్తున్న జైరాం ముఖం వెలిగిపోయింది.

"అన్నా, మస్తు కుదిరింది," అన్నాడు జైరాం, అబ్రహాం కిందికి దిగగానే. "బ్యాండు ముంగట ఒక మనిషి ఉంటెనే దర్జా. శుక్రారం కోదాడ పెండ్లికి రా. గిట్లనే నిలవడు, సాలు."

అబ్రహాం పెదవికి ఇక నయం కావలసిన అవసరం లేకుండా పోయింది.