భయానికి నూరిన మూలికలు

ఆ ఉదయం డాక్టర్ ఎల్విడియో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రి గేటు దగ్గర మూలికలమ్మే సెఫెరీనా చేత భయానికి మందు నూరించుకోవాలి. తెరెరే అనే చల్లటి ఆకు పానీయంలో కలుపుకొని ఒక్కడే ఓ మూల కూర్చుని తాగాలి. ఆపైన వణకని చేతులతో హెర్నియా ఆపరేషన్ చేయాలి. పోయిన నెల అతని ఆపరేషన్ బల్ల మీద ఒక పిల్లకు నెత్తురు ఆగలేదు. పిల్ల బతికింది గానీ అతని నిద్ర పోయింది.

"ఎవరికి బాబూ?" సెఫెరీనా రోకలి ఆపి అడిగింది.

"మా... పేషెంటుకి. మహా పిరికివాడు."

"అయితే రెండింతలు వేస్తా. గుర్రం కూడా పడుకుంటుంది."

మనసు బాగాలేదని పొక్కితే చేతిలో కత్తి లాగేసుకుంటారని అతని హడల్. ఆ హడల్లో ఒక్క సంగతి మరిచిపోయాడు. తెరెరే కూజాతో వచ్చినవాణ్ణి ఒంటరిగా తాగనిచ్చే మనిషి అసున్సియోన్ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

థియేటర్ పక్క గదిలో అడుగు పెట్టాడో లేదో, పెద్ద సర్జన్ సునీల్దా చెయ్యి చాపింది. "అందరికంటే చిన్నవాడివి, నువ్వే అందరికీ పొయ్యాలి."

"ఇది... కడుపునొప్పికి మేడమ్. చేదు విషం."

"నాకూ కడుపు బాగోలేదు. పొయ్యవయ్యా!"

మత్తు డాక్టరు దెర్లిస్‌కు కూడా అప్పుడే కడుపునొప్పి వచ్చింది. నర్సు బ్లాసిదాకు ఊరికే దాహమేసింది. కప్పు ఒకటే, పీల్చే గొట్టం ఒకటే, చేతులు మారుతూ తిరిగింది. ఎల్విడియో వంతు వచ్చేసరికి కూజా ఖాళీ.

కాసేపటికి దెర్లిస్ ఆవలించాడు. బ్లాసిదా గోడకు ఆనుకుంది. "పేషెంటును తెప్పించండి," అంటూ సునీల్దా కూడా నోరంతా తెరిచి ఆవలించింది. తలుపు బయట ముసలి పేషెంటు స్ట్రెచర్ చక్రాల చప్పుడు ఆగింది. ఎల్విడియో నోరు మూసుకుంటే ఆ ముసలాయన ప్రాణం, తెరిస్తే తన ఉద్యోగం పోతుంది.

"ఆగండి! అది కడుపునొప్పికి కాదు మేడమ్, నిద్రకి. నా భయానికి. కళ్లు మూస్తే ఆ పిల్లే కనిపిస్తోంది. చేతులు చూడండి."

చేతులు నిజంగానే వణుకుతున్నాయి.

"చంపావు పో," దెర్లిస్ కూలబడ్డాడు. "రాత్రి వేసుకున్న నిద్రమాత్ర మత్తే నాకింకా దిగలేదురా."

"మీరూ వేసుకుంటారా?" బ్లాసిదా తన సంచి వైపు దొంగచూపు చూసింది.

ముగ్గురూ భయంభయంగా సునీల్దా వైపు తిరిగారు. ఆవిడ తల మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేను రోజూ కారులో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికొస్తా," అంది. "మీకు తెలుస్తుందేమోనని చచ్చేంత భయం." ఆ గొంతు విని ఎల్విడియోకు ఏడుపొచ్చింది. "ఇవాళ ఎవరూ కత్తి ముట్టుకోవద్దు. నలుగురం కలిసి మనసు డాక్టరు దగ్గరికి పోదాం. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే, కూర్చో."

తలుపు అవతల అంతా విన్న పేషెంటు డోన్ అనస్తాసియో స్ట్రెచర్ మీద మెల్లగా లేచి కూర్చున్నాడు.

"నా హెర్నియాకేం తొందర్లేదు నాయనా," అన్నాడు గౌను వెనక ముడి బిగించుకుంటూ. "మీకు నయమయ్యాక కబురు పెట్టండి."

ఆ పూట ఆ థియేటర్ నుంచి ఆరోగ్యంగా నడిచి బయటికి వెళ్లినవాడు ఆయనొక్కడే.