నల్ల సున్నా మీద గీత

మతిమరుపు జబ్బని ఎవరు పుకారు పుట్టించారో గానీ, వాళ్ళు ఏ పరిశోధనశాల గడపా తొక్కి ఉండరు. అక్కడ అది ప్రమోషన్‌కి మొదటి అర్హత!

నమ్మకం లేకపోతే మన ప్రొఫెసర్ గారినే చూడండి. అల్జీమర్స్ ఏ జన్యువు వల్ల వస్తుందో కనిపెట్టడానికే జీవితం ధారపోసిన మనిషి. ఆయన అచ్చు వేయించిన పేపర్లు బీరువాలు నిండి కిటికీల దాకా పేరుకున్నాయి, గదిలోకి వెలుతురు రావడం మానేసింది. వాటిలో సగం ‘దోషి దొరికాడు’ అంటాయి. మిగతా సగం ‘మొన్నటి దోషి పాపం అంత చెడ్డవాడేమీ కాదు’ అంటాయి. మొదటి సగం గుర్తుంటే రెండో సగం రాయడానికి ఎవరికైనా చెయ్యాడుతుందా? అందుకే అర్హత అంటున్నాను.

ఒళ్ళు హూనం చేసుకుని పనిచేసిన శిష్యురాలి పేరు రచయితల వరసలో ఎక్కడో మధ్యన ఇరుక్కుంటుంది. ల్యాబ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియని డైరెక్టర్ గారి పేరు మాత్రం దర్జాగా చివర, అంటే పేపర్లలో పెద్దపీట మీద, కూర్చుంటుంది. ఇదీ మతిమరుపే. ఎంత సుఖం!

ఇంత కీర్తికీ పునాది ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో అమ్మమ్మకి, మేనమామకి, చివరికి అమ్మకి కూడా జుట్టు నెరవకముందే మతి తప్పడం మొదలైంది. ప్రొఫెసర్ గారు కుర్రతనంలో తెల్లకోటు తొడుక్కుని, ఐసు పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్ళారు. వంటింటి స్టూలు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, అందరి చేతుల్లోంచీ రక్తం తీసుకున్నారు.

“ఫలితం రాగానే ముందు మీకే చెప్తానమ్మా” అన్నారు వెళ్తూ. ఆ ఇంటి అమ్మా, అప్పుడే మిషను కుట్టడం నేర్చుకుంటున్న ఆవిడ కూతురూ ఆ మాట నమ్మారు.

తర్వాత వాళ్ళు ‘ఏడో కుటుంబం’ అయిపోయారు. పేపర్లలో వాళ్ళకి మొహాలు ఉండవు. మగవాళ్ళు చదరాలు, ఆడవాళ్ళు సున్నాలు. జబ్బున్నవాళ్ళకి నలుపు నింపుతారు. పోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత కొడతారు. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ బొమ్మని చూసి తలలూపారు.

మొన్న ప్రొఫెసర్ గారికి సన్మానం జరిగింది. తెరమీద ఆ చార్టు వెలిగింది. చప్పట్లు ఆగాక చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. టైలరింగ్ షాపు మూసి నేరుగా వచ్చినట్టుంది, మెళ్ళో కొలతల టేపు అలాగే ఉంది.

“సార్, రెండో వరసలో ఆ నల్ల సున్నా మా అమ్మేనా అండీ?”

ప్రొఫెసర్ గారికి ముచ్చటేసింది. “అవునమ్మా. చాలా ముఖ్యమైన కేసు.”

“దానిమీద గీత ఉందేంటండీ?”

“అది... ఆవిడ పోయారని గుర్తు.”

“పొద్దున నాలుగు ముద్దలు తినిపించే వచ్చానండీ.”

ఆయన గబుక్కున తెరవైపు తిరిగారు. ఆవిడ ఏ వయసులో పోయిందన్న లెక్క మీద మంచి మంచి పేపర్లు నిలబడి ఉన్నాయి మరి! కబురు అందని మనిషిని పోయినట్టే రాసుకోవడం ఆ ల్యాబులో అలవాటు. అటునుంచి కబురు రావాలంటే ఇటునుంచి అడగాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

“అచ్చయిపోయిందమ్మా. ఇప్పుడు మార్చడం కష్టం” అన్నారాయన, ఆవిడ బతికుండటం తన చేతుల్లో లేదన్నట్టు.

“పోనీలెండి. దాని కింద తెల్ల సున్నా నేను. ఈమధ్య కొలతలు తీసుకుని లోపలికొచ్చేసరికి మర్చిపోతున్నాను. నాకూ ఉందో లేదో చెప్తానన్నారు.”

“ఓ, దానికేం. మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వాలి.”

మర్నాడే ప్రొఫెసర్ గారు తెల్లకోటుతో, ఐసు పెట్టెతో వాళ్ళింట్లో దిగారు. మిషను పక్కన మంచం మీద అమ్మ గుడ్డముక్కలు సర్దుకుంటోంది. కూతుర్ని గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది, ‘టైలరమ్మా’ అని పిలుస్తుంది. తెల్లకోటు కనబడగానే మాత్రం, ఎవరూ అడక్కుండానే, చెయ్యి చాపింది.

“ఫలితం వచ్చిందా బాబూ? మా అమ్మాయికి లేదు కదా?”

కూతురు గోడవైపు తిరిగి ఏడ్చింది.

“ఏ ఫలితమమ్మా?” అన్నారు ప్రొఫెసర్ గారు. నటన కాదు, పాపం, నిజంగానే గుర్తులేదు. అంతా పోయినా ఒక్క మాట మిగిలిన అరుదైన కేసు దొరికిందన్న సంబరంలో, ఇద్దరి రక్తమూ తీసుకుని వెళ్ళిపోయారు. కూతురు ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

కనక శాస్త్రలోకానికి ఒక మనవి. ఏడో కుటుంబం చార్టులో ఒక చదరం తక్కువైంది. గీసి, నలుపు నింపండి. దానిమీద గీత మాత్రం కొట్టకండి. ఆయన ఇంకా పేపర్లు రాస్తున్నారు.