తొమ్మిదో అంతస్తులో బొత్తాల డబ్బా

ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చిన్నదే. తొమ్మిదిన్నరకి ఇల్లు దాటాలి. పదిన్నరకి మనవరాలు ఆఖరి ఇంటర్వ్యూకి లోపలికి వెళ్ళాలి. అమ్మమ్మ బయట కూర్చుని కంగారు పడాలి. ఈ చివరి పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదు, తనంతట తానే తీసుకుంది.

కన్సల్టింగ్ కంపెనీ అంటే ఏమిటో ఇరవై రోజుల క్రితం దాకా అమ్మమ్మకు తెలియదు. ఇతరుల వ్యాపారాల్లో తప్పులెక్కడున్నాయో చెప్పే ఉద్యోగమని మనవరాలు చెప్పింది.

"దానికి జీతం కూడా ఇస్తారా? మన పక్కింటావిడ ఇన్నేళ్ళూ ఊరికే చేస్తోంది పాపం," అంది అమ్మమ్మ.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఉద్యోగం వస్తే పిల్ల ప్రతి సోమవారం పెట్టె సర్దుకుని ఏదో ఒక ఊరు వెళ్ళాలి. మళ్ళీ గురువారం దాకా ఇంటి మొహం చూడదు. అమ్మమ్మ గుండెల్లో రాయి పడింది. వీడ్కోలంటే ఆవిడకు ముందునుంచీ బెదురు. ఎవరిని సాగనంపినా బండి కనుమరుగయ్యేదాకా చేయి ఊపుతూనే ఉంటుంది. ఓసారి మంచు కమ్మిన ఉదయాన పొరపాటున వేరే బస్సుకు ఊపింది. అందులో ఎవరో ముసలాయన సీట్లోంచి లేచి మరీ తిరిగి చేయి ఊపాడు. ఆయన క్షేమంగా చేరాడో లేదోనని ఆవిడకు ఇప్పటికీ బెంగే.

అయినా పిల్ల అడిగితే కాదనలేకపోయింది. ఇంటర్వ్యూకి తోడుగా సాధన చేస్తున్న స్నేహితురాలు జ్వరంతో మంచమెక్కడంతో, ప్రశ్నలడిగే పెద్దమనిషి వేషం అమ్మమ్మకు దక్కింది. మనవరాలు ఆవిడకు మూడే మూడు ప్రశ్నలు నేర్పింది. ఆ సంగతి మీకెలా తెలుసు? ఇంకేం మిగిలింది? అయితే ఏమిటి? అడిగాక మొహం గోడలా పెట్టాలి, జవాబు అందించకూడదు, మధ్యమధ్య చేతి గడియారం చూసుకోవాలి. అమ్మమ్మ గడియారం ఆగిపోయి ఏడాదైంది గానీ, చూసుకోవడానికి ఏ లోటూ లేదు.

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి తొమ్మిదో అంతస్తు మబ్బులో తేలుతోంది. కిటికీ అద్దాల అవతల తెల్లటి పొగమంచు తప్ప ఊరన్నదే లేదు. కింద పరిచిన మెత్తటి తివాచీ అడుగుల చప్పుడు మింగేస్తోంది. మనుషులు పెదవులు మాత్రం కదుపుతూ దూరంగా జారిపోతున్నారు. అమ్మమ్మకు ఇంకా నిద్ర లేవలేదేమో అనిపించింది. సరిగ్గా అప్పుడే మనవరాలి కోటు బొత్తాం ఊడి దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది.

అమ్మమ్మ సంచిలోంచి బొత్తాల డబ్బా తీసింది. ఇంట్లో చిరిగిన ప్రతి చొక్కా బొత్తాలూ అందులోనే ఉన్నాయి. నల్లదొకటి వెతికి, పిల్లను నిలబెట్టే కుట్టేసింది.

"ఎవరైనా చూస్తారు అమ్మమ్మా."

"చూడనీవే పిచ్చుకా. బొత్తాం లేని కోటు చూడటంకన్నా నయమే కదా."

పేరు పిలిచారు. పిల్ల లోపలికి నడిచింది. తలుపు మూసుకునేదాకా అమ్మమ్మ చేయి ఊపింది, మూసుకున్నాక కూడా కాసేపు ఊపింది.

రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయికి ఆ రోజు ఒకటే హెచ్చరిక అందింది. పదిన్నరకి బొత్తాల ఫ్యాక్టరీ యజమానురాలు వస్తారు, పెద్దావిడ, ఆవిణ్ణి ఒక్క నిమిషం కూడా కూర్చోబెట్టకూడదు. ఆ అమ్మాయి తలెత్తేసరికి ఎదురుగా ఒక పెద్దావిడ, ఒళ్ళో తెరిచిన డబ్బా, డబ్బా నిండా రకరకాల బొత్తాలు. పరుగున వచ్చి, లోపల అందరూ మీకోసమే ఎదురుచూస్తున్నారంది. కలలో పిలిస్తే ఎందుకని ఎవరడుగుతారు? అమ్మమ్మ డబ్బా మూసి వెంట వెళ్ళింది.

పొడవాటి గదిలో పెద్ద తెర ముందు ముగ్గురు యువకులు లేచి నిలబడ్డారు.

"మీరు ఏ ప్రశ్నైనా అడగొచ్చమ్మా," అన్నాడు పొడుగువాడు.

అమ్మమ్మకు అంతా అర్థమైపోయింది. వీళ్ళు తన మనవరాలికి పోటీగా వచ్చినవాళ్ళు. పరీక్ష చేసే పెద్దలు చాలక తనను పిలిచారు. ఆవిడ మనసు ఊగింది. ముగ్గురూ బుద్ధిమంతుల్లా నున్నగా తల దువ్వుకుని ఉన్నారు. "బాగుంది నాయనా" అని ఒక్క ముక్క అంటే చాలు, వీళ్ళకు ఉద్యోగం, పిల్ల ఇంటిపట్టున. ఇంతలో పక్క గది అద్దం గోడ అవతల నుంచి తన పిచ్చుక గొంతు సన్నగా, తడబడుతూ వినిపించింది. అమ్మమ్మ మొహం గోడలా పెట్టి గడియారం చూసుకుంది.

మూడు ఊళ్ళలో ఉన్న ఫ్యాక్టరీల్లో రెండు మూసేసి, పనివాళ్ళందరినీ మూడో ఊరికి పంపితే మేలని పొడుగువాడు తెర మీద చూపించాడు.

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

అంకెలే చెబుతున్నాయన్నాడు. అంకెలకు ఇళ్ళూ వాకిళ్ళూ ఉండవుగా, రెండు ఊళ్ళవాళ్ళు కదిలి వస్తారో రారో వాళ్ళనే అడిగారా అంది అమ్మమ్మ. ఈ ప్రశ్న మనవరాలు నేర్పినది కాదు.

రెండోవాడు అందుకున్నాడు. "ఇంకేం మిగిలింది?" అని అడిగితే ముప్ఫై పేజీలన్నాడు. చివరిదాకా విని "అయితే ఏమిటి?" అంది. అతను కూర్చుండిపోయాడు. మూడోవాడిని ఏమీ అడగలేదు, ఆగిన గడియారం వంక తదేకంగా చూసిందంతే. ఆ నిశ్శబ్దం భరించలేక అతను, తాము ఆ ఫ్యాక్టరీలు ఎప్పుడూ కళ్ళారా చూడలేదని ఒప్పేసుకున్నాడు.

"ముగ్గురూ తప్పారు. ఇంటికెళ్ళి చదువుకుని రండి నాయనా. దిగులు పడకండి, ఇంకా వయసుంది."

పొడుగువాడు పక్క గదిలోకి పరిగెత్తి, ఇంటర్వ్యూ చేస్తున్న డైరెక్టర్ చెవిన సంగతి వేశాడు. డైరెక్టర్ ఇంటర్వ్యూ మధ్యలోనే వదిలేసి వచ్చాడు. ఆయన వెనకే మనవరాలు.

"అమ్మమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"నీ పనేనే."

డైరెక్టర్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మనవరాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై రోజుల కష్టం కళ్ళముందే నీరుగారిపోతోంది. అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. అసలు యజమానురాలు ఎప్పుడో వచ్చి, ఓరగా తీసిన తలుపు పక్కన నిలబడి అంతా విన్నదట.

"నేనడగాల్సినవన్నీ ఈవిడే అడిగేసింది. ముందు నా ఫ్యాక్టరీలు చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం," అంది ఆవిడ, డైరెక్టర్‌తో.

పని చేజారలేదని డైరెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మమ్మ వైపు తిరిగి, ఇలా అడగడం ఎవరు నేర్పారని వాకబు చేశాడు.

"ఈ పిల్లే. ఇరవై రోజుల్లో," అంది అమ్మమ్మ గర్వంగా.

ఆయన తన ముగ్గురినీ చూశాడు. వాళ్ళకు రెండేళ్ళు శిక్షణ ఇచ్చారు. "మీ ఇంటర్వ్యూ సగమే జరిగిందమ్మాయ్. మిగతాది ఈ గదిలో చూసినట్టే. సోమవారం నుంచి వచ్చెయ్యండి. ముందు ఆ మూడో ఊరి ఫ్యాక్టరీకే వెళ్ళాలి."

లిఫ్టు మబ్బులోంచి మెల్లగా కిందికి దిగుతోంది. మనవరాలు అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఏదో చెబుతూనే ఉంది. ఆ ఊరు ఎంత దూరమని అమ్మమ్మ అడిగింది. రైల్లో తొమ్మిది గంటలంది పిల్ల.

ముగ్గురిలో ఒక్కణ్ణయినా పాస్ చేసి ఉండాల్సిందని అమ్మమ్మకు అప్పుడు తోచింది.