లైసెన్సు లేనివారు తాకరాదు

షరతులాయన ఆ రోజు పొద్దున్నే లేచి, ఒక అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో ‘లైసెన్సు లేనివారు తాకరాదు’ అని రాసి, తుపాకీ ఉన్న ఇనుప బీరువా తలుపుకి అంటించాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి ఆ మాట ఎవరిని ఉద్దేశించి రాశాడో భార్యకి విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

ముప్ఫై నాలుగేళ్లు బీమా కంపెనీలో క్లెయిముల గుమస్తాగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. షరతులాయన అన్నది అక్కడివాళ్లు పెట్టిన పేరే. ఏ కాగితం చేతికొచ్చినా చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకుంటూ రావడం ఆయన అలవాటు. కొంప ముంచేదంతా చివర చిన్న అక్షరాల్లోనే ఉంటుందనీ, మొదటి పేజీలో పేరూ ఫొటో తప్ప ఏమీ ఉండవనీ, అక్కడిదాకా వచ్చి కళ్లు పాడుచేసుకోవడం దండగనీ ఆయన నమ్మకం. దగ్గుమందు కొన్నా ముందు దాని దుష్ఫలితాలు చదివి, భయపడి, తాగకుండా దగ్గుతూ కూర్చుంటాడు.

ఆ రెండు గొట్టాల తుపాకీ మామగారిది. ఆయన పోయి మూడేళ్లయింది. ఉన్నన్నాళ్లూ కూతుర్ని ప్రతి ఆదివారం గురి క్లబ్బుకి తీసుకెళ్లి, గాల్లోకి విసిరిన మట్టి పళ్లేల్ని కాల్చడం నేర్పించాడు. ఆవిడ గురికి క్లబ్బులో మంచి పేరు ఉండేది. తండ్రి పోయాక కాగితాల పని అల్లుడి చేతికొచ్చింది. లైసెన్సు తన పేరుకి మారిందని ప్రకటించి, బీరువా తాళం తన మొలకి కట్టుకున్నాడు. ఆవిడ అప్పట్నుంచీ నాన్న తుపాకీని బీరువా తెరిచినప్పుడు దూరం నుంచి చూడటమే.

ఆ లైసెన్సు గడువు ఆ రోజుతో ఆఖరు. సాయంత్రం అయిదులోగా కొత్త ముద్ర పడకపోతే తుపాకీ సర్కారుకి పోతుంది, అక్కణ్నుంచి కొలిమికి పోతుంది. అది తలుచుకుని ఆవిడ నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఆయనకీ మనసులో బెంగగానే ఉంది. అందుకే దరఖాస్తు అంతా చివరి నుంచి రెండుసార్లు నింపాడు. ఒక్క పద్నాలుగో గడి దగ్గర కలం ఆగిపోయింది. ‘వాడదలచిన తూటా రకం, పొడవు’ అని ఉంది అక్కడ.

“అరవై అయిదు మిల్లీమీటర్లు అని రాయండి,” అంది ఆవిడ వంటింట్లోంచి.

“లైసెన్సు లేనివాళ్ల అభిప్రాయం దరఖాస్తులో చేర్చకూడదు. తుపాకుల షాపుకి వెళ్లి అడిగే రాస్తాను,” అన్నాడాయన.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామగారి రేకు డబ్బాలో పన్నెండు పాత తూటాలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. పాడైన తూటాలు రెన్యువల్ నాడు ఆఫీసులో అప్పగించాలని లైసెన్సు పుస్తకం చివర ఎనిమిదో షరతు. తుపాకీనీ తూటాల్నీ విడివిడిగా తీసుకెళ్లాలని తొమ్మిదో షరతు. విడివిడిగా అంటే రెండు వేరే పెట్టెల్లో అని ఎవరైనా అనుకుంటారు. ఆయన దాన్ని ఇద్దరు మనుషులు, రెండు దారులు అని అర్థం చేసుకున్నాడు. పక్క వీధిలో కుట్టుపని చేసుకునే బావమరిదిని పిలిపించి, రేకు డబ్బా చేతికిచ్చి, స్కూటరు మీద వంతెన దారిలో లైసెన్సుల ఆఫీసుకి వెళ్లి కూర్చోమన్నాడు. తను తుపాకీ పెట్టె భుజాన వేసుకుని, మార్కెట్టు దారిలో షాపుకి బయల్దేరాడు. తనూ వస్తానంది ఆవిడ. సంబంధం లేని వ్యక్తులు వెంట ఉండకూడదని పదకొండో షరతు చదివి వినిపించి, ఆవిణ్ని గుమ్మంలోనే వదిలేశాడు.

షాపాయన ఓపికగలవాడు. పన్నెండో నంబరు గొట్టమని పెట్టె మీద చూసి, మూడు రకాల తూటాలు బల్ల మీద పెట్టాడు. సన్న గుండ్లవి మట్టి పళ్లేలకి, లావు గుండ్లవి పొలాల్లో పడే పందులకి, ఒంటి గుండువి ఇంకా పెద్ద జంతువులకి అన్నాడు. సీసం గుండ్లు చెరువుల దగ్గర వాడకూడదట. ఉక్కు గుండ్లు పాత తుపాకుల గొట్టాలకి పడవట. అరవై అయిదు, డెబ్బై అని రెండు పొడవులున్నాయి, మీ గొట్టం ఏ పొడవుకి చేసిందో చూసి చెప్పండన్నాడు. తుపాకీని ఆఫీసులో తప్ప విప్పకూడదని షరతు ఉంది కదా అనుకుని ఈయన పెట్టె తెరవనివ్వలేదు. పోనీ దేనికి వాడతారు అని అడిగాడు షాపాయన. వాడనని చెప్పాడు ఈయన. అయితే తూటా ఎందుకని అడిగాడు షాపాయన. పద్నాలుగో గడికి అని చెప్పాడు ఈయన.

షాపాయనకి ఉన్న మతి పోయింది. చెప్పి చెప్పి గొంతెండిపోయి, నీళ్లు తాగొస్తానని లోపలికెళ్లాడు. షరతులాయన మూడు అట్టపెట్టెల్నీ తిరగేసి, అడుగున ఉన్న హెచ్చరికలు చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ అన్నీ ప్రమాదకరమైనవిగానే కనిపించాయి.

సరిగ్గా అప్పుడు లైసెన్సుల ఆఫీసు గుమ్మం దగ్గర కానిస్టేబులు బావమరిది డబ్బాలో ఏముందని అడిగాడు.

“తూటాలండి,” అన్నాడు బావమరిది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి.

“తుపాకీ ఏది?”

“మా బావ దగ్గరుందండి.”

“లైసెన్సు?”

“అదీ బావ దగ్గరే.”

“మీ బావ ఎక్కడ?”

“వేరే దారిలో వస్తున్నాడండి. ఇద్దరం కలిసి కనబడకూడదన్నాడు.”

ఈ చివరి మాటతో కానిస్టేబులు బావమరిదిని బెంచీ మీద కూర్చోబెట్టి, డబ్బా బల్ల సొరుగులో పెట్టి, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క తుపాకుల షాపుకి ఫోను చేశాడు. భుజాన తుపాకీ ఉన్న పెద్దమనిషి ఎవరైనా వచ్చాడా అని అడిగాడు. వచ్చాడనీ, ఆ తుపాకీలో ఏ తూటా పడుతుందో ఆయనకి తెలియదనీ, ఎందుకు కావాలో కూడా తెలియదనీ షాపాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. సొంత తుపాకీ గురించి ఇంత తెలియనివాడు దాన్ని ఎక్కణ్నుంచి తెచ్చాడన్న అనుమానం అవతలా ఇవతలా ఒకేసారి పుట్టింది. పది నిమిషాల్లో షాపు ముందుకి పోలీసు జీపు వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి షరతులాయన లైసెన్సుల అధికారిణి ముందు నిలబడ్డాడు. బల్ల మీద ఒక పక్క తుపాకీ పెట్టె, ఇంకో పక్క రేకు డబ్బా ఉన్నాయి. బెంచీ మీద బావమరిది ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అయినా షరతులాయన బెదరలేదు. తను ఏ షరతూ తప్పలేదని ఎనిమిదీ తొమ్మిదీ పదకొండూ అప్పజెప్పాడు. అధికారిణి అంతా విని, లైసెన్సు పుస్తకం అందుకుని, అందరూ తెరిచే వైపు నుంచి తెరిచింది.

“ఈ ఫొటోలో ఉన్నావిడ ఎవరు?”

“మా ఆవిడండి. సాక్షి ఫొటో అయ్యుంటుంది,” అన్నాడాయన.

“సాక్షి కాదు. లైసెన్సు ఆవిడది. మీకు ఈ తుపాకీ ముట్టుకునే హక్కు లేదు. ఈయనకి ఆ డబ్బా మోసే హక్కూ లేదు.”

షరతులాయన పుస్తకం తన ముందుకి లాక్కున్నాడు. మూడేళ్లలో మొదటిసారి మొదటి పేజీ చూశాడు. మామగారు వారసురాలిగా కూతుర్ని రాశాడు. దాని కిందే భార్య పేరు, భార్య సంతకం. తనే వేలు పెట్టి చూపించి, ఇక్కడ సంతకం చెయ్యి అని పెట్టించిన సంతకం అది.

కబురందుకుని ఆవిడ పరుగున వచ్చింది. విషయం విని భర్త వంకా పుస్తకం వంకా చూసింది.

“అయితే లైసెన్సు మార్చేటప్పుడు ఇంటికి విచారణకి వచ్చిన పోలీసాయన నన్నే అన్ని ప్రశ్నలు అడిగింది అందుకా,” అంది నెమ్మదిగా. “మీ గుణగణాలు కనుక్కుంటున్నాడేమో అనుకున్నాను. కోపిష్టి కాదు, మొండి అంతే అని చెప్పాను.”

అధికారిణి నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకుంది. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, ఈ ఇద్దర్నీ తుపాకీ, తూటాలతో మీరే పంపారా అని అడిగింది. అవునంటే ఆవిడ లైసెన్సు పోతుందనీ, కాదంటే ఇద్దరి మీదా దొంగతనం కేసు పడుతుందనీ గదిలో అందరికీ తెలుసు. షరతులాయన భార్య వంక చూశాడు.

“మా ఆయన్ని ఒకరు పంపేదేమీ ఉండదండి. ఆయనంతట ఆయనే వెళ్తారు,” అంది ఆవిడ. “కానీ దొంగబుద్ధి లేదు. ఈ తుపాకీ పోకూడదని నాకంటే ఆయనే ఎక్కువ కంగారుపడ్డారు. పుస్తకం తిరగేసి చదివారు, అంతే.”

అధికారిణి గడియారం చూసి, దరఖాస్తులో ఆయన పేరు కొట్టేయించి, దాన్ని ఆవిడ ముందుకి జరిపింది. పద్నాలుగో గడి ఖాళీగా ఉంది. ఆవిడ అనుమతి అడిగి, పెట్టె తెరిచి, తుపాకీని మధ్యకి మడిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని ముందు చూసుకుంది. తర్వాత గొట్టం కింద చెక్కిన అంకెలు చూపించింది. అరవై అయిదు.

“డెబ్బైవి కూడా ఇందులో దూరతాయి,” అంది భర్తతో. “అందుకే ప్రమాదం. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి లోపల చోటుండదు, గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. నాన్న నాకు మొదటి రోజు చెప్పింది ఇదే.” ఆ మాట అంటుంటే ఆవిడ కళ్లు చెమర్చాయి. గడిలో అరవై అయిదు, సన్న గుండ్లు, మట్టి పళ్లేలకి అని రాసి, ఈసారి తనే చదివి సంతకం పెట్టింది.

నాలుగున్నరకి ముద్ర పడింది. బావమరిదిని మందలించి వదిలేశారు. షరతులాయన చేత తుపాకీ జోలికి వెళ్లనని ఒక హామీపత్రం రాయించుకుని, బీరువా తాళం అక్కడికక్కడే ఆయన మొలనుంచి విప్పించి ఆవిడకి ఇప్పించారు. హామీపత్రం ఆయన మొదటి వాక్యం నుంచి చదివి సంతకం చేశాడు. ఇంటికెళ్లే దారిలో తుపాకీ ఆవిడ భుజాన ఉంది. ఆయన రెండడుగులు వెనక నడిచాడు. ఆదివారం క్లబ్బుకి వెళ్లేటప్పుడు తనూ రావచ్చా అని అడిగాడు. సంబంధం లేని వ్యక్తుల సంగతి పదకొండో షరతులో చూసి చెప్తానంది ఆవిడ.

బీరువా మీది అట్టముక్కని మాత్రం ఎవరూ తీయలేదు. అందులో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.