సభ్యత్వం లేని ఎడమ కన్ను

మనిషికి రెండు కళ్ళుండటం ప్రకృతి చేసిన పొరపాటు. విస్కాన్సిన్ రాష్ట్రంలో మా స్టంప్ క్రీక్ వేటగాళ్ళ సంఘం ఆ పొరపాటును ఎప్పుడో సరిదిద్దింది. మా రిజిస్టరులో సభ్యులు అరవై ఒక్కరు, కళ్ళు అరవై ఒకటి. ఏ కన్నుతో గురిపెడతారో చేరిన రోజునే రాసి సంతకం పెట్టాలి. రెండో కన్ను ఏం చేసుకుంటుందో సంఘానికి అనవసరం.

(ఈ నియమం ఊరికే రాలేదు. పూర్వం ఒక పెద్దమనిషి జింక అనుకుని అప్పటి అధ్యక్షుడి పికప్ ట్రక్కు అద్దం పగలగొట్టాడు. అడిగితే, అది తన ఎడమ కన్ను చేసిన పనని, తనకేమీ తెలియదని చెప్పాడు. అప్పటినుంచి సంఘం ఏ కంటి లెక్క ఆ కంటిదిగానే చూస్తోంది.)

నేను ఈ సంఘానికి కార్యదర్శిని. నియమాలు పెట్టే అధికారం నాకు లేదు, రాసిపెట్టుకునే బాధ్యత మాత్రం ఉంది.

ఆర్డిస్ వెండోర్ఫ్‌కు డెబ్బై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది కాబట్టి ఊళ్ళో సగం మంది ఆవిడంటే ఇప్పటికీ భయపడతారు. ఏటా సెప్టెంబరులో క్రాస్‌బోతో, అంటే తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే బాణం వదిలే విల్లుతో, ఒక జింకను కొట్టి చలికాలమంతా తింటుంది. వాగు పక్కన ఓక్ చెట్టుకు తన చేతులతో మేకులు కొట్టి కట్టుకున్న ఏడో నంబరు మంచె ఆవిడది. వేట మొదలయ్యే ముందు శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా గురి పరీక్ష నెగ్గకపోతే ఆ మంచె వరుసలో ఉన్న తర్వాతివాడికి పోతుంది. తర్వాతివాడు రోలీ, మా అధ్యక్షుడు డెల్మర్ ప్లుస్కోటాకు బావమరిది. రోలీ అప్పటికే తన మడతకుర్చీ వెనకాల పెయింటుతో 7 అని రాసుకున్నాడు.

కిందటి వేసవిలో ఆర్డిస్ కుడి కంటికి చూపు మధ్యలో మసక కమ్మింది. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఎడమ కంటితో గురిపెట్టాలంటే కొత్త సైటు కావాలి. (తెలుగులో సైటంటే ఇంటిస్థలం, సైటంటే కంటిజబ్బు, సైటు కొట్టడమంటే ఇంకో వ్యవహారం. ఇక్కడ విల్లు మీద బిగించే గురి అద్దం అనే అర్థం. ఆర్డిస్‌కు సైటు వచ్చింది కాబట్టి సైటు కావాల్సివచ్చింది.)

షాపులో కుర్రాడు ఎర్రచుక్క కనబడే అద్దం చూపించాడు. చుక్క ఒకటే, దూరాలు మూడు కదా అందావిడ. తుపాకీ సైటు చూపించాడు.

"గుండు తిన్నగా పోతుంది బాబూ, బాణం వంగి దిగుతుంది. ఇరవై గజాలకో గీత, ముప్పైకో గీత, నలభైకో గీత ఉన్నదివ్వు. నువ్వు బస్సులో కూడా ఇంతే, చెప్పింది వినేవాడివి కాదు."

కుర్రాడు గీతలున్నది ఇచ్చాడు.

బుధవారం ఆవిడ సంఘం హాలుకు వచ్చి, సైటు మార్పు ఫారం అడిగి, ఏ కంటికి అన్న గడిలో ఎడమ అని రాసింది. డెల్మర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎడమ కన్నా? అది మన మెంబరు కాదు కదమ్మా."

"నా మొహం మీదే ఉంది కదయ్యా డెల్మర్."

"మొహాల సంగతి రూల్సులో లేదు. అది కొత్తగా అప్లికేషను పెట్టుకోవాలి. ఇద్దరు మెంబర్లు పూచీ ఉండాలి. ముందు పదముగ్గురున్నారు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎవరైనా పోతేగానీ ఖాళీ రాదు. మనవాళ్ళు గట్టివాళ్ళు."

రోలీ పక్కన కూర్చుని జున్నుముక్కల వేపుడు తింటున్నాడు. ఆవిడ మీద ఎంతో జాలి చూపించాడు. "పోనీలే ఆర్డిస్, ఇంక రెస్టు తీసుకో. మంచె నేను చూసుకుంటా."

"ముందు నీ నోరు చూసుకో, జున్ను కారుతోంది."

నాకు ఒళ్ళు మండింది. కానీ కార్యదర్శికి ఒళ్ళు మండితే చేయగలిగింది నియమావళి తిరగేయడమే. తొమ్మిదో నియమం దొరికింది. సభ్యుడు చేయి చాపితే అందేంత దూరంలో మెలకువగా ఉంటే, అతిథి వేటాడవచ్చు. ఆర్డిస్ కుడి కన్ను సభ్యురాలు. ఎడమ కన్ను అతిథి. ఇద్దరి మధ్య దూరం రెండున్నర అంగుళాలు. డెల్మర్ చాలాసేపు ఆలోచించాడు.

"అయితే కుడి కన్ను మూయకూడదు. మూస్తే మెంబరు నిద్రపోయినట్టు లెక్క."

ఆ విధంగా ఎడమ కంటికి అతిథి చీటీ రాశాను. (భుజం కూడా కుడి నుంచి ఎడమకు మారుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పాఠకులు దయచేసి గుర్తుచేయవద్దు.)

ఆవిడ వంటింటి బల్ల మీదే సైటు బిగించుకుంది. ఆ బల్ల ఒక పక్కకు వాలి ఉంటుంది. అందుకని బల్లను నమ్మకుండా ముందు విల్లును రసమట్టంతో సరిచేసి, తర్వాత అద్దంలో అడ్డగీత దానికి సరిగ్గా సమంగా వచ్చేట్టు తిప్పింది. మరలు కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించింది. కంటికీ అద్దానికీ మూడంగుళాలు వదిలింది. పెరట్లో గడ్డిమోపు మీద వేస్తే మొదటి బాణం జానెడు కిందా, కుడికీ పోయింది. సైటుకున్న పైమర కాస్త, పక్కమర కాస్త తిప్పింది. గురువారం సాయంత్రానికి బాణాలు గురిపెట్టినచోటే పడుతున్నాయి.

మా పద్నాలుగో నంబరు ఫారంలో సైటు బిగించిన బల్ల స్వభావం రాయాలి. ఆవిడ "మొండి" అని రాసింది. నేను ఆమోదించాను.

గురి పరీక్ష అంటే ఇరవై గజాల్లో కాగితం పళ్ళెం, మూడు బాణాలు. పళ్ళెం దగ్గరికి పరీక్షాధికారి తప్ప ఎవరూ వెళ్ళకూడదు. కార్యదర్శి రాయాలి, చూడకూడదు. మా పరీక్షాధికారి వెర్లిన్ హాగ్స్‌బీ, ఆర్డిస్‌తో బడిలో చదువుకున్నవాడు. ఆయన మోకాలు ఇరవై గజాలు నడవదు కాబట్టి బైనాక్యులర్‌తో చూసి చెబుతాడు. తొమ్మిదేళ్ళుగా మా సంఘంలో పరీక్ష తప్పినవాళ్ళు లేరు. ఆ శుక్రవారం ఉదయమే రోలీ బాణాల్లో రెండు పక్క మొక్కజొన్న చేలోకి వెళ్ళిపోతే, వెర్లిన్ "మధ్యలో, మూడూ" అన్నాడు. నేను రాసుకున్నాను.

నాలుగుకు పది నిమిషాలుండగా ఆర్డిస్ వచ్చింది. రోలీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల హాల్లో ప్రతి శుక్రవారం ఉండే చేపల వేపుడు విందు మొదలైంది. ఆవిడ విల్లు ఎడమ భుజానికి ఆనించి, రెండు కళ్ళూ తెరిచే, మూడు బాణాలు వేసింది. నేను చూడలేదు. చూసి ఉంటే, మూడింటినీ కలిపి ఒక కాఫీ కప్పుతో మూసేయవచ్చని చెప్పేవాణ్ణి.

వెర్లిన్ బైనాక్యులర్ ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

ఆర్డిస్ పక్కకు వంగి మెల్లగా అంది. "అద్దాల మూతలు తియ్యలేదు వెర్లిన్."

"తీసినా ఒకటేలే ఆర్డిస్," అన్నాడాయన, ఇంకా మెల్లగా. "ఆ పళ్ళెం నాకు కనబడి తొమ్మిదేళ్ళయింది. ఎక్కడ పడ్డాయో నువ్వే చెప్పు."

నా చేతిలో తొమ్మిదేళ్ళ సర్టిఫికెట్ల పుస్తకం ఉంది. దాన్ని నెమ్మదిగా చంకలో పెట్టుకున్నాను.

"మధ్యలో, మూడూ," అంది ఆర్డిస్.

రోలీ చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. "చెల్లదు! వేసింది ఎడమ కన్ను, అతిథి. అతిథి సాక్ష్యం చెల్లదు. పన్నెండో రూలు."

నిజమే, పన్నెండో నియమం అదే చెబుతోంది. నాలుగుకు మూడు నిమిషాలుంది. వెర్లిన్ తలొంచుకున్నాడు. ఆర్డిస్ మొహం పాలిపోవడం నేను అదే మొదటిసారి చూడటం. స్కూలు బస్సు మంచులో జారినరోజున కూడా ఆవిడ అలా లేదు.

"సాక్షి మెంబరైతే చాలు కదా?" అంది చివరికి.

"చాలు," అన్నాను.

ఆర్డిస్ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. మిగిలిన కుడి కంటితో, పళ్ళెం ఉందనుకున్న వైపుకు, చాలా శ్రద్ధగా చూసింది.

"మధ్యలో. మూడూ."

"బావా!" అని రోలీ లోపలికి కేకేశాడు. డెల్మర్ చేపల గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. "బావా, ఆ కంటికి ఏమీ కనబడదు. ఊరందరికీ తెలుసు."

డెల్మర్ నావైపు చూశాడు. "సాక్షికి కనబడాలని ఎక్కడైనా ఉందా?"

నేను నియమావళి మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఎక్కడా లేదు.

"ఆ కన్ను ఎనభై ఏడు నుంచీ మెంబరు," అన్నాడు డెల్మర్. "ఒక్క మీటింగు తప్పలేదు. పాస్."

మర్నాడు పొద్దున్నే ఏడో మంచె మీదనుంచి ఆర్డిస్ రెండో గీతతో జింకను కొట్టింది. ఆసాంతం కుడి కన్ను తెరిచే ఉంచానని వాంగ్మూలం ఇచ్చింది. రోలీ కుర్చీ మీద ఏడు పక్కన ఒకటి చేర్చి పదిహేడు చేసుకున్నాడు. పదిహేడో మంచె పాలఫారం పేడగుంట పక్కన ఉంటుంది.

జనవరి సమావేశంలో, తనకు పని భారమవుతోందని, సహాయానికి ఒకరు కావాలని వెర్లిన్ కోరాడు. అనుభవాన్నీ నిష్పక్షపాతాన్నీ దృష్టిలో పెట్టుకుని ఆర్డిస్ కుడి కంటిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.

ఎడమ కన్ను అప్లికేషను వరుసలో పద్నాలుగోది.