ఆరు చేపలు, ఐదు ఇంటిపేర్లు

పదకొండింటికి హైదరాబాద్ నుంచి తనిఖీకి సృజన మేడమ్ వచ్చేలోగా చేపల తొట్టికి ఒక చీటీ అతికించాలి. ఆ ఉదయం రత్నాకర్ పెట్టుకున్న పని అంతే. మెదక్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో అతను కాంట్రాక్టు లెక్చరర్, చెప్పేది జంతుశాస్త్రం. మేడమ్ మెచ్చుకుంటే ఉద్యోగం ఇంకో ఏడాది ఉంటుంది. లేదంటే రేగోడ్‌లో మామగారి పత్తి చేను ఎదురుచూస్తోంది.

తొట్టిలో ఆరు పసుపుపచ్చని చేపలున్నాయి. సిక్లిడ్లంటారు. మన దేశానివి మూడే రకాలు, ఇవి అందులో ఒకటి. రత్నాకర్ చీటీ మీద వాటి శాస్త్రీయ నామం రెండు మాటల్లో రాశాడు, ముందు ప్రజాతి, వెనక జాతి.

"మన లెక్కనే ముందుగాల ఇంటిపేరా సారూ?" అంది అటెండర్ సౌభాగ్యమ్మ. రోజూ వాటికి మేత వేసేది ఆమే.

"అవును. జర జిగురియ్యి."

"ఇస్త గని, గా రెండిటి కడుపులు నల్లగైనయి చూసిండ్రా?"

రత్నాకర్ చూశాడు. రెండు చేపలు నల్లబడి, మిగతా నాలుగింటినీ తరుముతున్నాయి. వెంటనే చేపల దుకాణం ఖయ్యూంకు ఫోన్ చేశాడు.

"భాయ్, ఒక్క రకం ఇయ్యమంటే రెండు కలిపిచ్చినవా?"

"తోబా తోబా! ఆరూ ఒక్క తొట్టిలకెల్లే తీసిన సార్. ఆగుండ్రి, వస్తున్న!"

"సారూ, గవి మొగుడూ పెండ్లాలు..." సౌభాగ్యమ్మ మొదలుపెట్టింది.

"నువ్వు జర ఊకో, సౌభాగ్యమ్మా. చదివింది నేనా నువ్వా?"

నల్లవాటిని బకెట్లో వేసి రెండో చీటీ పెట్టాడు. బకెట్లో పడగానే అవి మళ్లీ పసుపుపచ్చగా మారాయి. చీటీ మీద ఇంకో పేరు రాశాడు. తొట్టిలో ఒకటి భయానికి తెల్లబోయింది. అంతలో వచ్చిన ఖయ్యూం చేతిలోని ఖాళీ బిర్యానీ గిన్నెలోకి దాన్ని మార్చారు. ఇంకోదానికి చారలు తేలితే టిఫిన్ డబ్బాలోకి, మరోదానికి మచ్చలు తేలితే నీళ్ల జగ్గులోకి పంపారు. గంటలో ఐదు పాత్రలు, ఐదు చీటీలు తయారయ్యాయి.

ప్రిన్సిపాల్ వచ్చి చూసి పొంగిపోయాడు. అప్పటికి నర్సాపూర్ దాటిన మేడమ్‌కు ఫోన్ కొట్టాడు. "దేశం మొత్తంల మూడే రకాలంటరు కద మేడమ్! మా కాడ ఐదున్నయి!"

రత్నాకర్ కుర్చీ కోసం వెతుక్కున్నాడు. కుర్చీ మీద జగ్గు ఉంది.

మేడమ్ వచ్చేసరికి చేపలన్నీ నెమ్మదించి, ఒకే పసుపు రంగులో ఉన్నాయి. ఆమె ఒక్కో పాత్రా చూసింది. "ఈ గిన్నెలోది ఏ జాతి?"

"ఇందాక... తెల్లగ ఉండె మేడమ్."

"గిన్నె నాదే మేడమ్, చేప సంగతి నాకెర్క లేదు," అన్నాడు ఖయ్యూం వెనక్కి జరుగుతూ.

సౌభాగ్యమ్మ ఇక ఆగలేదు. బకెట్లోని రెండు చేపలనూ దోసిలితో తీసి తొట్టిలో వదిలింది. "గా రాయి మీద గుడ్లు చూడుండ్రి. తల్లిదండ్రులను బకెట్ల ఏసి, కొత్త ఇంటిపేరు పెడ్తిరి!"

అందరూ తొట్టి మీదికి వంగారు. కాసేపటికి ఆ రెండూ నల్లబడి, రాయి దగ్గరికి చేరి, గుడ్లకు రెక్కలతో నీళ్లు విసరసాగాయి.

"పిల్లల జోలికి వస్తరేమోనని గట్లయితయి," అంది సౌభాగ్యమ్మ. "కోపమొస్తే నా కోడలి మొఖం గిట్లనే అయితది. దాన్ని ఏ డబ్బాల పెడ్తరు?"

మేడమ్ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. "ఈ చేపకు పెద్ద పెద్ద పండితులే ఒక ఇంటిపేరు పెట్టి, చాలా ఏళ్లకు మార్చుకున్నారు. కాని ఒక్క పూటలో ఐదు పెట్టినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను."

కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. చీటీల మీద మాత్రం సౌభాగ్యమ్మ సంతకం ఉండాలన్నారు.